పాత పికప్ వెనక భాగంతో మినీ ట్రాక్టర్ ట్రాలీ: కొలత నుంచి తొలి లోడు దాకా

తోటలో ఆయిల్‌పామ్ గెలలు, ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు, ఇసుక మోయడానికి పెద్ద ట్రాక్టర్ ట్రాలీ చెట్ల వరుసల మధ్య తిరగదు. పాత పికప్ వెనక భాగంలో మాత్రం మనకు కావలసినవి సిద్ధంగా ఉంటాయి: చాసిస్, కమాన్ పట్టీలు, యాక్సిల్, మూడు పక్కలా డోర్లు తెరుచుకునే తొట్టి. దాన్ని ట్రాలీగా మార్చడం ఒక వెల్డరు, ఒక సహాయకుడు కలిస్తే అయ్యే పని. కష్టమంతా కోతకు ముందు తీసుకునే కొలతల్లోనే ఉంటుంది. అక్కడ తేడా వస్తే ఎంత గట్టి వెల్డింగూ దాన్ని సరిచేయలేదు.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ బొలెరో పికప్ తరహా బండి వెనక భాగం, 24 నుంచి 28 హెచ్‌పీ మినీ ట్రాక్టరు. మీ దగ్గరున్న బండి కొలతలు వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే పద్ధతి మారదు.

## 1. ముందు కాగితాలు

ఇంట్లో చేసిన ట్రాలీ సొంత పొలంలో, తోటలో తిప్పుకోవడానికే. రోడ్డెక్కాలంటే ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆమోదం పొందిన డిజైన్లకే దొరుకుతుంది. పికప్ ఆర్‌సీ చూపించి ట్రాలీని రోడ్డు మీద తిప్పడం కుదరదు. ప్రమాదం జరిగితే బీమా కూడా వర్తించదు.

ఆర్‌సీ రద్దు కాని బండిని కోయవద్దు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి ఇక వాడకానికి పనికిరాదని తేలితే యజమాని 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. అన్నిటికన్నా శుభ్రమైన దారి ఒకటుంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో లెక్క తేలిపోయిన బండి వెనక భాగాన్ని బిల్లుతో కొనండి. సొంత బండి అయినా అదే కేంద్రానికి అప్పగించి, కావలసిన భాగాలు బిల్లు మీద వెనక్కి కొనుక్కోవడం మేలు. చాసిస్ నంబరు ఉన్న ముక్క మీ ట్రాలీలో మిగలకూడదు.

## 2. బరువు లెక్క ట్రాక్టరు దగ్గర మొదలవ్వాలి

పికప్ తొట్టి టన్నుకు పైగా మోసేది కాబట్టి ట్రాలీ కూడా అంత మోస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తొట్టి మోస్తుంది. 850 కేజీల మినీ ట్రాక్టరు దాన్ని ఆపలేదు.

ముందు ట్రాక్టర్ మాన్యువల్‌లో లాగగల బరువు ఎంతని రాశారో చూడండి. అదే చివరి మాట. మాన్యువల్ దొరకకపోతే, బ్రేకులు లేని ట్రాలీకి ఈ హద్దు పెట్టుకోండి: చదును నేల మీద, నెమ్మదిగా నడిపేటప్పుడు, ట్రాలీ మొత్తం బరువు ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. వాలు నేలలో, తడి గట్ల మీద ట్రాక్టరు బరువుతో సమానం దగ్గరే ఆగిపోవాలి.

లెక్క ఇలా:

- ట్రాక్టరు బరువు 850 కేజీలు. ఒకటిన్నర రెట్లు అంటే 1275 కేజీలు.
- పూర్తయిన ఖాళీ ట్రాలీ బరువు 475 కేజీలు అనుకుందాం. పని అయ్యాక కాటా మీద తూచి అసలు అంకె తీసుకోండి.
- మిగిలింది 800 కేజీలు. చదును నేలలో మీ లోడు అంతే.
- వాలు నేలలో 850 లోంచి 475 తీసేస్తే 375 కేజీలు.

ఇసుక దగ్గర ఈ లెక్క మరీ ముఖ్యం. 2.5 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతున్న తొట్టిని తడి ఇసుకతో అంచుల దాకా నింపితే 3 టన్నుల పైనే అవుతుంది. 800 కేజీలంటే ఆ తొట్టిలో సుమారు 4 అంగుళాల ఎత్తు మాత్రమే. పని చివర్లో తొట్టి లోపలి గోడ మీద ఆ ఎత్తులో ఎర్ర గీత గీయండి. కూలీకి వచ్చినవాళ్లకు చెప్పే పని తప్పుతుంది.

## 3. వెనక భాగం ఎంచుకోవడం

వెళ్లేటప్పుడు చిన్న సుత్తి, టార్చి, అయస్కాంతం, టేపు పట్టుకెళ్లండి. తొట్టి పైరేకు తుప్పు పట్టినా ఫర్వాలేదు, రేకు మార్చుకోవచ్చు. చాసిస్ దూలాలు, కమాన్ బ్రాకెట్లు పాడైతే ఆ ముక్క వదిలేయండి.

- చాసిస్ దూలాలు: సుత్తితో వరుసగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం బొంగురుగా వస్తుంది, పొర రాలుతుంది. కమాన్ బ్రాకెట్ చుట్టూ రెండుసార్లు చూడండి.
- అయస్కాంతం: రంగు కొత్తగా మెరుస్తున్న చోట పెట్టండి. అంటకపోతే కింద పుట్టీ ఉందన్నమాట.
- యాక్సిల్ వంపు: రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందు పక్క ఒకసారి, వెనక పక్క ఒకసారి చక్రం మధ్య ఎత్తులో కొలవండి. 4, 5 మి.మీ. మించి తేడా ఉంటే, రిమ్ము వంకర కాదని తేల్చుకున్నాక, యాక్సిల్ హౌసింగ్ (షాఫ్టులు ఉండే గొట్టం) వంగిందనే అనుకోవాలి.
- బేరింగులు: చక్రం పైకెత్తి చేత్తో తిప్పండి. గరగరమంటే మార్చాల్సిందే.
- టైర్లు: పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. పక్కల్లో పగుళ్లుంటే నేలకు ఆనే గుండీలు (ట్రెడ్) బాగున్నా వద్దు.

కోసేవారికి మూడు మాటలు ముందే చెప్పాలి. డీజిల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టాకే గ్యాస్ కటింగ్ ముట్టించాలి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. దూలాలను తొట్టి అంచుకు ఆనించి కోయకుండా కనీసం 300 మి.మీ. ముందుకు వదలాలి. వెనక లైట్ల వైరింగ్‌ను మధ్యలో కత్తిరించకుండా కనెక్టరుతో సహా ఇవ్వాలి. హ్యాండ్‌బ్రేక్ లివరు, కేబుల్, తొట్టి యూ బోల్టులు, రబ్బరు ప్యాకింగులు కూడా అడిగి తెచ్చుకోండి. విడిగా వెతికితే ఇవి తొందరగా దొరకవు.

## 4. కోతకు ముందు మూడు కొలతలు

తొందరపడకుండా ఒక పూట ఇక్కడే గడపండి. సమతలంగా ఉన్న సిమెంటు గచ్చు కావాలి. వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, రసమట్టంతో చాసిస్‌ను సమంగా చేయండి.

మొదటి కొలత, హిచ్ (ట్రాక్టరు వెనక ట్రాలీ తగిలించే చోటు) ఎత్తు. ట్రాక్టరు టైర్లలో సరిపడా గాలి ఉంచి, కింది హిచ్ పట్టీ నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. టాప్ లింకు బ్రాకెట్టుకు గానీ, వెనక యాక్సిల్ కన్నా ఎత్తున్న ఏ చోటికి గానీ ట్రాలీ తగిలించకూడదు. లాగేటప్పుడు ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడేది అలా తగిలించినప్పుడే.

హిచ్ పట్టీ 400 మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. తొట్టిలో సగం లోడుకు సమానమైన బస్తాలు వేసి, టైర్ల మీద నిలిపి, దూలం అడుగు ఎత్తు కొలవండి. ఖాళీగా కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే లోడు పడగానే కమాన్లు కుంగుతాయి. ఆ ఎత్తు 540 వచ్చిందనుకోండి. దూలం కింద 100 మి.మీ. ఛానల్‌తో చేసిన డ్రాబార్ (ట్రాలీని ట్రాక్టరుకు కలిపే ముందు భాగం) వస్తే దాని మధ్య ఎత్తు 490. ట్రాక్టరు హిచ్‌కు ఇంకా 90 మి.మీ. దిగాలి. ఆ 90ని డ్రాబార్ చివర హిచ్ రింగు పట్టే ప్లేట్లతో దించాలి. డ్రాబార్‌నే కిందికి వంచకూడదు. ట్రాలీ సమంగా నిలవాలి. ముక్కు, అంటే ట్రాలీ ముందు చివర, 20 మి.మీ. దిగితే ఫర్వాలేదు, పైకి లేవకూడదు.

రెండో కొలత, డ్రాబార్ పొడవు. రింగును ట్రాక్టరుకు తగిలించే పిన్ను నుంచి తొట్టి ముందు అంచు దాకా ఉండే దూరం ఇది. ట్రాక్టరు వెనక టైర్ల బయటి వెడల్పులో సగానికి 300 మి.మీ. కలిపితే వచ్చేది కనీస దూరం. 1.2 మీటర్ల వెడల్పున్న ట్రాక్టరుకు కనీసం 900 మి.మీ. అన్నమాట. మన ఉదాహరణలో 1100 పెడదాం. పొట్టి డ్రాబార్ మలుపులో టైరును తొట్టికి రాయడమే కాదు, వెనక్కి నడిపేటప్పుడు చేతికి అందకుండా మెలి తిరుగుతుంది. నేల మీద సుద్దతో ట్రాక్టరును 90 డిగ్రీల మలుపులో గీసి చూసుకుంటే అనుమానం ఉండదు.

మూడో కొలత, ముక్కు బరువు. మూడింటిలో ఇదే ముఖ్యం. లోడులో 10 నుంచి 15 శాతం బరువు హిచ్ మీద పడాలి. తక్కువైతే ట్రాలీ తోక ఊపుతుంది. వెనక్కి బరువు పడితే హిచ్‌ను పైకి లేపి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు తీసేస్తుంది. మరీ ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు.

లెక్క సులువు. తొట్టి మధ్య గీత యాక్సిల్ కన్నా ఎంత ముందుందో కొలిచి, పిన్ను నుంచి యాక్సిల్ దాకా ఉన్న దూరంతో భాగించండి.

- తొట్టి పొడవు 2.5 మీటర్లు, మధ్య గీత ముందు అంచు నుంచి 1.25 దగ్గర.
- యాక్సిల్ ముందు అంచు నుంచి 1.55 దగ్గర. కాబట్టి మధ్య గీత 0.30 ముందుంది.
- పిన్ను నుంచి తొట్టికి 1.20 అయితే, పిన్ను నుంచి యాక్సిల్‌కు 2.75.
- 0.30ని 2.75తో భాగిస్తే సుమారు 11 శాతం. 800 కేజీల సమాన లోడుకు హిచ్ మీద 87 కేజీలు.

సరిపోతుంది కానీ కింది హద్దుకు దగ్గర. కూలీలు బరువును వెనక డోరు పక్కనే ఎక్కువగా వేస్తారు కాబట్టి కొంచెం మిగులు ఉంచుకోవాలి. తొట్టి యూ బోల్టులు వదులు చేసి దాన్ని దూలాల మీద 100 మి.మీ. ముందుకు జరపండి. మధ్య గీత 0.40 ముందుకు వస్తుంది, పిన్ను నుంచి తొట్టికి 1.10 మిగులుతుంది, ముక్కు బరువు 14.5 శాతానికి చేరుతుంది. యాక్సిల్‌ను కదిలించడం కన్నా ఇది ఎంతో తేలిక. జరిపాక టైరు పైన మడ్‌గార్డు సందు చూసుకోండి.

## 5. సరుకు జాబితా

- 100 × 50 మి.మీ. సి ఛానల్ 6 మీటర్ల కడ్డీ ఒకటి, సుమారు 57 కేజీలు. డ్రాబార్ కాళ్లు రెండు 1.7 మీటర్ల చొప్పున, అడ్డ దూలం ఒకటి దీనిలోనే వస్తాయి.
- 10 మి.మీ. మందం ప్లేటు: 200 × 250 ముక్కలు రెండు, 200 × 300 ముక్కలు రెండు, రింగు దించే ప్లేట్లకు, మూలల త్రికోణాలకు మరికొంత.
- ఫోర్జింగ్ చేసిన హిచ్ రింగు. కడ్డీ వంచి చేసినది వద్దు, అతుకు దగ్గర తెగుతుంది.
- 8.8 గ్రేడు 12 మి.మీ. బోల్టులు 20, నైలాక్ నట్లు, మందపాటి వాషర్లు.
- 7018 వెల్డింగు రాడ్లు, 3.15 మి.మీ., 2 కేజీలు. ప్యాకెట్ పొడిగా ఉండాలి. చెమ్మ తగిలిన 7018 రాడ్డు లోపల బుడగలు వదిలే వెల్డింగు ఇస్తుంది.
- 10 మి.మీ. గొలుసు, మీటరు ముక్కలు రెండు, బోల్టు షాకిళ్లు.
- ట్రాలీ విప్పినప్పుడు ముక్కును నిలబెట్టే స్క్రూ జాకీ కాలు ఒకటి.
- ఏడు తీగల కేబుల్ 6 మీటర్లు, ట్రాక్టరు సాకెట్టుకు సరిపోయే ప్లగ్గు.
- యాక్సిల్ సీళ్లు, గ్రీజు, 80డబ్ల్యూ90 గేరాయిల్, రెడ్ ఆక్సైడ్, ఎనామెల్ రంగు, రిఫ్లెక్టర్ టేపు.

## 6. విడదీయడం, యాక్సిల్ సంగతి

తొట్టి దించి, చాసిస్‌ను తీగ బ్రష్షుతో రుద్ది, నీటితో కడిగి ఆరబెట్టండి. మట్టి కింద దాక్కున్న పగుళ్లు ఇప్పుడే బయటపడతాయి. గ్యాస్‌తో కోసిన చివరలను గ్రైండర్‌తో కనీసం 25 మి.మీ. లోపలికి నీటుగా కోయండి. కాలిన అంచు పెళుసుగా ఉంటుంది. ఈ కోత అయ్యాక దూలాలు తొట్టి మొదటి స్థానానికి 100 మి.మీ. ముందు దాకా ఉండాలి. తొట్టి ముందుకు జరిగినప్పుడు అంచుకు అంచు సరిపోతుంది.

డిఫరెన్షియల్‌ను (యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండు) ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. జవాబు: ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేయండి, మిగతాది కదపవద్దు. లోపలి గేర్లు తీసేస్తే తేలికవుతుందని కొందరు విప్పుతారు. చాలా పికప్ యాక్సిళ్లలో చక్రం నేరుగా యాక్సిల్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. కొన్నిటిలో ఆ షాఫ్ట్‌ను డిఫరెన్షియల్ లోపలి క్లిప్పే పట్టి ఉంచుతుంది. అది పోతే చక్రం షాఫ్ట్‌తో సహా బయటికి వచ్చేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించిన చోట ఉండే పినియన్ ఫ్లాంజి నట్టును కూడా విప్పవద్దు, బేరింగు బిగింపు పోతుంది.

చేయాల్సింది ఇంతే: పాత ఆయిల్ వదిలి, కొత్త గేరాయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోయాలి. హౌసింగ్ మీది బ్రీదర్‌లో (లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం) మట్టి తీయాలి. అది మూసుకుపోతే వేడికి పెరిగిన ఒత్తిడి సీళ్ల గుండా ఆయిల్‌ను బ్రేకు డ్రమ్ములోకి తోస్తుంది.

కమాన్ పట్టీలు ఇప్పుడే తగ్గించవద్దు. ఖాళీ ట్రాలీ ఎగిరి పడుతుంటే, తొలి వారం చూశాక, రెండు పక్కలా సమానంగా ఒక్కో పట్టీ తీయవచ్చు.

## 7. డ్రాబార్ కట్టడం

చాసిస్ దూలాలు వెల్డింగును ఇష్టపడవు. ముఖ్యంగా దూలం పైఅంచుకు, కిందిఅంచుకు అడ్డంగా వేసిన వెల్డింగు పక్కనే కొన్నాళ్లకు పగులు మొదలవుతుంది. అందుకే దూలానికి బోల్టు, కొత్త ఛానల్‌కు వెల్డింగు అన్న పద్ధతి పాటించండి.

1. దూలాల ముందు చివరల మధ్య అడ్డ దూలం పెట్టండి. దాని అడుగు, దూలాల అడుగు ఒకే మట్టంలో ఉండాలి. చివర్లకు యాంగిల్ ముక్కలు వెల్డు చేసి, వాటిని దూలాల పక్క గోడలకు బోల్టు చేయండి.
2. దూలాల మధ్య గీతను యాక్సిల్ మధ్య నుంచి ముందుకు దారం లాగి నేల మీద గీయండి. యాక్సిల్ నుంచి 2.75 మీటర్ల దగ్గర పిన్ను చుక్క పెట్టండి.
3. రెండు ఛానల్ కాళ్లను ఆ చుక్క దగ్గర కలిపి, అడ్డ దూలం కింద నుంచి వెనక్కి పోనిచ్చి, పిన్నుకు 1.5 మీటర్ల దగ్గర చాసిస్ దూలాల కింద ముగించండి. ప్రతి కాలూ రెండు చోట్ల పట్టు దొరికించుకోవాలి: అడ్డ దూలం దగ్గర ఒకటి, చాసిస్ దూలం దగ్గర ఒకటి. ఒక్కచోటే పట్టించిన డ్రాబార్ గుంతల్లో ఊగి ఊగి అక్కడే తెగుతుంది.
4. కాలి వెనక చివరను దూలానికి సమాంతరంగా కోయండి. దూలం బయటి గోడకు 200 × 250 ప్లేటును నాలుగు బోల్టులతో బిగించి, కిందకు దిగిన భాగాన్ని కాలికి వెల్డు చేయండి.
5. బోల్టు చిల్లులు డ్రిల్లుతోనే వేయాలి. గ్యాస్‌తో కాల్చిన చిల్లు చుట్టూ పగుళ్లు వస్తాయి. చిల్లు దూలం అంచుకు 25 మి.మీ. కన్నా దగ్గర ఉండకూడదు. బిగింపు సుమారు 80 న్యూటన్ మీటర్లు.

కమాన్ ముందు బ్రాకెట్టుకు కాలు తగలకుండా కనీసం 100 మి.మీ. ఖాళీ చూసుకోండి.

## 8. వెల్డింగు వరుస

ముందు అన్నిచోట్లా టాక్‌లే, అంటే ముక్కలు కదలకుండా పట్టే చిన్న చిన్న వెల్డింగు చుక్కలే. పూర్తి వెల్డింగుకు పోకముందు ఒక్క పరీక్ష: పిన్ను చుక్క నుంచి ఎడమ కమాన్ మధ్య బోల్టుకు, కుడి కమాన్ మధ్య బోల్టుకు టేపు లాగండి. తేడా 3 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే టాక్ పగలగొట్టి సరిచేయండి. దీన్ని వదిలేస్తే ట్రాలీ జీవితాంతం పీతలా పక్కకు నడుస్తుంది, టైర్లు తినేస్తుంది.

- ఎడమ 50 మి.మీ., కుడి 50 మి.మీ. చొప్పున మార్చి మార్చి వేయండి. ఒకే పక్క ఏకబిగిన లాగితే ఛానల్ అటు గుంజుకుంటుంది.
- ఎర్త్ క్లాంపు వెల్డు చేస్తున్న ముక్కకే పెట్టాలి. యాక్సిల్‌కో చక్రానికో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి గుండ్లను కాలుస్తుంది.
- కమాన్ పట్టీల మీద రేకు కప్పండి. ఒక్క నిప్పురవ్వ పడ్డ మచ్చ దగ్గర పట్టీ విరగగలదు. పట్టీకి వెల్డింగు ఎప్పుడూ వద్దు.
- వెల్డు చేసే చోట రంగు, జింకు పూత గ్రైండర్‌తో తీసేయండి. జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.
- అంతా చల్లారాక టేపు పరీక్ష మళ్లీ చేయండి.

## 9. రింగు, పిన్ను, గొలుసులు

కాళ్లు కలిసే చోట పైన ఒకటి, కింద ఒకటి 200 × 300 ప్లేట్లు వేసి పెట్టెలా మూయండి. దాని కింద, ఛానల్ మధ్య నుంచి రింగు 90 మి.మీ. దిగేలా ప్లేట్లు, వాటికి పక్కల త్రికోణపు ఊతం. రింగు కాండం బోల్టుతోనే బిగించండి, అరిగితే మార్చుకోవాలి కదా. తిరిగే రకం రింగు దొరికితే అదే తీసుకోండి. గట్టు ఎక్కేటప్పుడు ట్రాలీ, ట్రాక్టరు చెరోవైపు ఒరుగుతాయి. బిగుసుకున్న రింగయితే ఆ మెలికంతా డ్రాబార్ మోయాలి.

పిన్ను చిల్లుకు సరిపోవాలి, లాక్ పిన్ను తప్పనిసరి. మేకు, కట్టుతీగ పెట్టి నడపవద్దు. రెండు గొలుసులు డ్రాబార్ కింద ఒకదాన్నొకటి దాటేలా, ట్రాక్టరు చట్రానికి తగిలించండి. పిన్ను ఊడినా ముక్కు ఆ గొలుసుల ఊయలలో పడుతుంది, నేలలో గుచ్చుకోదు.

## 10. బ్రేకు

పాత హైడ్రాలిక్ బ్రేకును మినీ ట్రాక్టరుతో కలపడం ఇంటి పని కాదు. హ్యాండ్‌బ్రేకును మాత్రం తప్పక బతికించుకోండి. లివరును డ్రాబార్ మీద బిగించి, కేబుల్‌ను సాగకుండా నేరుగా తీసుకెళ్లండి. వాలులో ట్రాలీ విప్పినప్పుడు ఇదే కాపాడుతుంది.

డ్రమ్ములు విప్పి లైనింగులు చూడండి. వీల్ సిలిండరు తీసేయవద్దు, బ్రేకు షూలకు పైన ఆసరా అదే. పైపు చివర ప్లగ్గుతో మూసి, లోపల కొత్త బ్రేకాయిల్ ఉంచితే పట్టేయదు.

## 11. లైట్లు

పికప్ లైట్లే వాడుకోవచ్చు. ట్రాక్టరు సాకెట్టులో ఏ పిన్నుకు ఏ కరెంటు వస్తోందో టెస్ట్ ల్యాంపుతో ఒక్కొక్కటే చూసి రాసుకోండి. తీగ రంగును నమ్మవద్దు. ఎర్త్‌కు విడిగా ఒక తీగ లాగండి. పిన్ను గుండా ఎర్త్ వస్తుందని వదిలేస్తే, గ్రీజు రాసినప్పుడల్లా లైట్లు మిణుకుమంటాయి. రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు.

## 12. తొట్టి, రంగు

రబ్బరు ప్యాకింగులు లేకుండా తొట్టిని దూలాల మీద కూర్చోబెట్టవద్దు. ఇనుము ఇనుముతో రాసుకున్న చోటే తుప్పు మొదలవుతుంది. కన్నాలు పడ్డ అడుగును 2 మి.మీ. రేకుతో అతికి, నాలుగు మూలలా నీళ్లు పోయే చిల్లులు వేయండి. ఎరువు మోసే ట్రాలీ అయితే ప్రతిసారీ కడగక తప్పదు. యూరియా, పొటాష్ మిగిలితే రేకును ఒక్క వర్షాకాలంలోనే తినేస్తాయి. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పూర్తిగా ఆరాక ఎనామెల్ రెండు.

## 13. తొలి లోడు

ఖాళీగా, తర్వాత 300 కేజీలతో, ఆ తర్వాత పూర్తి లోడుతో. ఈ వరుస దాటవద్దు.

- కాటా మీద ఖాళీ బరువు తూచి, లోడు హద్దు మళ్లీ లెక్కేయండి.
- పూర్తి లోడు వేసి, బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటాను హిచ్ ఎత్తులో దిమ్మ మీద పెట్టి, రింగును దాని మీద ఆనించండి. చక్రాలకు రాళ్లు పెట్టడం మరవద్దు. 800 కేజీల లోడుకు 80 నుంచి 120 మధ్య రావాలి. డ్రాబార్ సొంత బరువు వల్ల కాస్త ఎక్కువ రావచ్చు.
- అటూ ఇటూ 90 డిగ్రీల మలుపు తిప్పి టైరుకు, తొట్టికి మధ్య చెయ్యి పట్టే సందు ఉందా చూడండి.
- అర కిలోమీటరు నడిపి డ్రమ్ములు, హబ్బులు చేత్తో తాకండి. గోరువెచ్చన ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి వద్దు.
- తొలి ట్రిప్పు అవగానే వీల్ నట్లు, యూ బోల్టులు, డ్రాబార్ బోల్టులు మళ్లీ బిగించండి.

ట్రాక్టరు కన్నా ట్రాలీ వెడల్పు. ట్రాక్టరు పట్టిన సందులో ట్రాలీ పట్టదు. నడిపేవారు అలవాటు పడేదాకా తొట్టి ముందు మూలల్లో ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు నిలబెట్టండి. తొట్టిలో మనుషుల్ని ఎక్కించుకోవద్దు.

## 14. వచ్చే తిప్పలు, వాటి మందు

తోక ఊపుతోంది. ముక్కు బరువు తక్కువ. లోడు ముందుకు సర్దండి. అయినా ఆగకపోతే తొట్టిని మరో 50 మి.మీ. ముందుకు జరపండి, మలుపు సందు మళ్లీ చూసుకోండి.

ట్రాక్టరు స్టీరింగు తేలికైంది. ముక్కు బరువు ఎక్కువ, లేదా హిచ్ ఎత్తు తప్పు. ముందు ట్రాలీ సమంగా ఉందో లేదో రసమట్టంతో చూడండి. ఆ తర్వాతే ట్రాక్టరు ముందు బరువుల సంగతి.

ఒక టైరు తొందరగా అరుగుతోంది. టేపు పరీక్ష మళ్లీ చేయండి. కొలత సరిగ్గానే ఉంటే కమాన్ మధ్య బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉంటుంది. యూ బోల్టులు వదులైనప్పుడు జరిగేది ఇదే.

ఒక డ్రమ్ము వేడెక్కుతోంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టేసింది, లేదా బ్రేకు షూ స్ప్రింగు విరిగింది. లివరు వదిలి చక్రం చేత్తో తిప్పితే తెలుస్తుంది.

చక్రం లోపలి పక్క ఆయిల్ చెమ్మ. బ్రీదర్ మొదట చూడండి. అది శుభ్రంగా ఉంటే సీలు మార్చాలి. బ్రేకు లైనింగు ఆయిల్ తాగితే కడిగి వాడవద్దు, మార్చేయండి.

డ్రాబార్ ప్లేటు పక్కన సన్నని గీత. తుప్పు రంగు గీత కనబడితే అది రంగు పగులు కాదు, ఇనుము పగులు. లోడు ఆపేయండి. పగులు మీదే మళ్లీ వెల్డింగు పోస్తే పక్కన ఇంకోటి వస్తుంది. పగులు రెండు చివర్లా 5 మి.మీ. చిల్లు వేసి, గాడి చేసి వెల్డు నింపి, పైన పొడవైన ప్లేటు బోల్టు చేయాలి. పగులు చాసిస్ దూలంలోనే ఉంటే ఆ దూలాన్ని మార్చాలి.

రింగు చిల్లు కోలగా అరిగింది. పిన్నుకు, చిల్లుకు మధ్య 3 మి.మీ. పైన ఆట వస్తే రెండూ మార్చండి. నెలకోసారి పిన్ను తీసి చూడటం, రింగులో వేలెడు గ్రీజు పెట్టడం, అదే రోజున గొలుసుల షాకిళ్లు బిగించడం అలవాటు చేసుకుంటే ఈ తేడా ముందే కనబడుతుంది.